పోస్టుకార్డంత వెలుగు

మా అల్లుడు మౌస్ ముట్టుకోడు. కంప్యూటర్ ముందు కూర్చుని బతికేవాడు మౌస్ ముట్టుకోకపోవడమేమిటని కింద వాటాలో దర్జీ ఆవిడ ఒకసారి మూతి విరిచింది. "మీ వాళ్లు దాన్ని పట్టుకుని అటూ ఇటూ రుద్దుకుంటారు. మావాడు ఆర్డరు వేస్తాడు, అది వింటుంది" అని చెప్పి నోరు మూయించాను.

నేను అలా గొప్పలు పోతున్న రోజుల్లోనే అతని చూపు పక్కల నుంచి ఆరిపోతూ వస్తోంది. ఆ సంగతి అతనికి తెలుసు. ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. రోజూ పొద్దునా సాయంత్రం నా మనవరాలిని స్కూటర్ మీద బడికి తీసుకెళ్లి తీసుకొచ్చేది అతనే. నేను చెప్పబోయేది ఆ మనిషి గురించి, ఆ స్కూటర్ గురించి.

వీధిలో అందరూ అతన్ని నిదానం అంటారు. పెళ్లినాడు ఆ పేరు లేదు, ఈ మధ్యనే వచ్చింది. పిలిస్తే మనలాగా కళ్లు తిప్పి చూడడు. తలుపు తెరిచినట్టు తల మొత్తం తిప్పి, మనిషిని ఎదురుగా పెట్టుకుని, అప్పుడు మాట్లాడతాడు. చూసినవాళ్లు గంభీరమైన మనిషి అన్నారు. నేనూ అదే అనుకుని, ఈ కాలంలో ఎదుటి మనిషిని ఇంత సూటిగా చూసి మాట్లాడేవాళ్లెవరని మురిసిపోయాను.

"పొద్దస్తమానం ఏం చేస్తుంటావు బాబూ?" అని ఒకసారి అడిగాను.

"ఎక్కడో ఒక హాలు నిండా మెషీన్లుంటాయి అత్తయ్యా. వాటిలో ఏది పడుకున్నా నేను ఇక్కణ్ణుంచి లేపాలి."

"నీ కూతుర్ని బడికి లేపడంకన్నా తేలికేలే."

ముందుగదిలో కిటికీ పక్కన అతని బల్ల, ఎదురుగోడకి నా మంచం. ల్యాప్‌టాప్ పాతది. నా మనవరాలు దాని మీద పాలు ఒలకబోసినప్పటి నుంచి పైవరస మీటలు పనిచెయ్యవు. వెలుగు పెంచే మీటా తగ్గించే మీటా ఆ వరసలోవే. ఇంకొకరైతే బాగుచేయించుకునేవారు. ఇతను తెర మీద ఒక నల్లకిటికీ తెరిచి, అందులో తెల్లటి అక్షరాలతో ఒక వరస రాసి ఎంటర్ కొట్టేవాడు. తెర భగ్గున వెలిగేది. ఇంకో వరస రాస్తే మందగించేది.

"ఏమిటది, మంత్రమా?"

"కమాండ్ అంటారత్తయ్యా. తెర వెనక ఒక దీపం ఉంటుంది. మీట పోయింది కాబట్టి దాన్ని పేరు పెట్టి పిలిచి, ఇంత వెలుగు కావాలని అంకె చెబుతాను. వింటుంది."

"పేరు పెట్టి పిలిస్తేనే వినేస్తుందా! మీ మామయ్యగారు జీవితమంతా పిలిచారు, నేనెప్పుడైనా విన్నానా?"

నవ్వాడు. అతను నవ్వితే చప్పుడుండదు, భుజాలు కదులుతాయి అంతే.

మధ్యాహ్నం నేను నడుం వాలిస్తే ఆ వెలుగు నేరుగా నా మొహాన పడేది. నేను గొణిగేసరికి మర్నాడు నా కోసం ఒక పొట్టి కమాండ్ తయారుచేసి పెట్టాడు. రెండు ఇంగ్లీషు అక్షరాలు, పక్కన ఒక అంకె. ఇంగ్లీషు నాకు చదవడం రాదు గానీ ఆకారాలు గుర్తుపడతాను, అంకెలతో పేచీ లేదు. అతను లేచి అటు వెళ్లినప్పుడు నేను వెళ్లి టకాటకా కొడితే తెర బుద్ధిగా తల వంచేది. కన్నకూతురికన్నా ల్యాప్‌టాప్ నా మాట బాగా వింటోందని ఇంట్లో అందరికీ వినబడేలా అన్నాను.

ఒకనాడు ఇరవై కొట్టబోయి వట్టి సున్నా కొట్టాను. తెర చచ్చిపోయింది. "బాబూ!" అని కేకేశాను. అతను వచ్చి చూసి, "దీపం ఒక్కటే ఆరిందత్తయ్యా, మెషీన్ మేలుకునే ఉంది" అంటూ, ఆ కటికనలుపు మీదే ఏదో చకచకా కొట్టాడు. తెల్లారినట్టు వెలుగొచ్చింది.

"ఏమీ కనబడకుండా ఎలా రాశావయ్యా?"

"చేతులకి తెలుసు. కళ్లతో పనేముంది?" అన్నాడు.

ఆ మాటని నేను వీధంతా పంచిపెట్టాను.

బల్ల దగ్గర అంత నేర్పరి, ఇంట్లో నడిస్తే మాత్రం ఏనుగు నడిచినట్టే. సగం తెరిచిన తలుపు అంచు భుజానికి కొట్టుకునేది. దారికి పక్కగా పెట్టిన బకెట్టు కాలికి తగిలి దొర్లేది. నా స్టూలు తన్నుకుని ఎన్నిసార్లు తూలాడో. "కళ్లు నెత్తికెక్కాయా బాబూ?" అంటే, "ఎక్కడో పెట్టి మరిచిపోయానత్తయ్యా" అనేవాడు. ఇద్దరం నవ్వుకునేవాళ్లం.

కంటిజబ్బు అన్న ఆలోచన నాకు రాకపోవడానికి ఒక కారణముంది. దర్జీ ఆవిడ కుట్టిన బట్టలకి గుండీలు, అంచులు కుట్టేది నేను. చేతిపని విషయంలో నాకు వంక పెట్టినవాళ్లు లేరు గానీ, సూదిలో దారం మాత్రం నా వల్ల కాదు. రోజూ భోజనమయ్యాక నా సూదులన్నీ తీసుకెళ్లి అతని ముందు పెడతాను. ఒక్కొక్కటే పట్టుకుని, దారం కొస నోట్లో తడిపి, మొదటిసారికే ఎక్కించేస్తాడు. దిండుకి వరసగా గుచ్చి ఇస్తాడు. సన్నసూది బెజ్జం అంత చక్కగా కనబడేవాడికి గుమ్మం కనబడదని ఎవరనుకుంటారు? పరధ్యానం అనుకున్నాను. అఖండుడైన పనివాడికి ఆ మాత్రం పరధ్యానం అందమే అనుకున్నాను.

తర్వాత ఇంకో విచిత్రం మొదలైంది. తెర మీది బొమ్మనంతా కుదించి నడిమధ్యకి తెచ్చుకున్నాడు. అదీ కమాండ్‌తోనే. అంత వెడల్పు తెరలో పోస్టుకార్డంత చోటే వెలుగుతోంది, చుట్టూ అంతా నలుపు. కళ్లు మందగించినవాళ్లు అక్షరాలు పెద్దవి చేసుకుంటారు. ఇతను చీమల బారులా చేసుకున్నాడు.

"ఏమయ్యా, ఇంత ఇల్లు పెట్టుకుని పెట్టెలో కాపురమేమిటి?"

"పనంతా ఒక్కచోట ఉంటుందత్తయ్యా" అన్నాడు, తల తిప్పకుండా.

ఒకరోజు మా అమ్మాయికి సెలవు. అది ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది, ఇంట్లో కనబడడమే అరుదు. భోజనాలయ్యాక అతను ఫోన్ మాట్లాడుతూ వెనక వసారాలోకి వెళ్లాడు. బడివాళ్లు పంపిన ఫొటోలేవో చూద్దామని అది ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది.

"ఇదేమిటమ్మా, ఇంతే కనబడుతోంది? పెద్దది చెయ్యడం నీకొచ్చా?"

"నాకొచ్చింది వెలుగొక్కటే. కావాలంటే ఆర్పి చూపిస్తా."

అది విసుక్కుంటూ ఏవేవో నొక్కింది. బొమ్మ కాస్తా తెర నిండా పరుచుకుంది. ఫొటోలు చూసుకుని, తలనొప్పిగా ఉందని లోపలికెళ్లి పడుకుంది. అతను వచ్చి కూర్చున్నాడు. కూర్చున్నవాడు అలాగే ఉండిపోయాడు. తల కుడికి తిప్పాడు, ఎడమకి తిప్పాడు, మళ్లీ కుడికి. చీకటిగదిలో వస్తువు వెతికేవాడిలా ఉన్నాడు.

"ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

ఆ గొంతు నేనెన్నడూ వినలేదు. "నీ పెళ్లాం. కొంప మునిగిందా?" అన్నాను. అతను నల్లకిటికీ తెరిచి, చేతులతోనే వరస రాసి, బొమ్మని మళ్లీ పోస్టుకార్డు చేసుకున్నాడు. గట్టిగా ఊపిరి వదిలాడు.

నేను సూదీ దారం పట్టుకుని అతని పక్కనే నిలబడి ఉన్నాను. చెయ్యి చాచే ఉంది, అతని చెవికి జానెడు దూరంలో. తీసుకోలేదు. కోపంలో ఉన్నాడేమోనని కాసేపు చూశాను. అతను తాపీగా పని చేసుకుంటున్నాడు. సూదిని కొంచెం ఊపాను. కిటికీలోంచి పడే ఎండకి తళుక్కుమంది. నాకు కనబడింది, అతనికి కనబడలేదు. బల్ల అంచు వెంబడే మెల్లగా ముందుకు జరిపాను. ఆ బల్ల మీద ఎప్పుడో ఇస్త్రీపెట్టె పెట్టి మరిచిపోతే పడిన మచ్చ ఒకటుంది. ఆ మచ్చ మీదికి వచ్చేసరికి ఉలిక్కిపడి, "ఎప్పుడొచ్చారత్తయ్యా?" అన్నాడు. దారం తీసుకుని మొదటిసారికే ఎక్కించాడు.

తలుపులు, బకెట్లు, స్టూలు, ఆ తల తిప్పడం, ముట్టుకోని మౌస్, అన్నీ ఒక్కసారి నా మీద కూలినట్టయింది. తెర మీద మౌస్‌తో కదిలే చిన్నబాణం ఎక్కడుందో కనబడనివాడు రుద్దేదేముంటుంది? రాసి చెప్పుకోవాల్సిందే.

అప్పటికే బడి వదిలే వేళయింది. అతను లేచి, గోడ వైపు చూడకుండానే మేకుకున్న స్కూటర్ తాళంచెవి అందుకున్నాడు.

"నేనూ వస్తాను" అన్నాను.

"మీరా? స్కూటర్ మీదా?"

"ఏం, మోయలేదా నన్ను?"

కావాలంటే తాళం లాక్కోవచ్చు. కానీ నా కళ్లతో చూడాలనిపించింది. పొరపాటుపడి మనిషి మీద నింద వేస్తే నోరు కడుక్కున్నా పోదు.

వెనకాల కూర్చుని అతని చొక్కా గుప్పిట పట్టుకున్నాను. సందు దాటేవరకూ బాగానే నడిపాడు. అలవాటైన దారి, గుంత ఎక్కడుందో చక్రానికే తెలుసు. పెద్దవీధిలోకి తిరిగాక చూశాను. ముందు వెళ్లే బండి వీపుకి చూపు అంటించుకుని, దాని తోక పట్టుకున్నట్టు పోతున్నాడు. పక్కసందులోంచి ఒకతను తోపుడుబండి తోసుకుంటూ వచ్చాడు. వాడు నాకు ఎంత దూరం నుంచో కనబడ్డాడు. ఇతను తగ్గించలేదు. వాడు "ఓయ్!" అని అరిచాడు. నేను వీపు మీద గుద్దాను. బ్రేకు పడింది. చక్రం బండిని ఒరుసుకుంటూ ఆగింది.

"కళ్లు కనబడట్లేదా?" అన్నాడు తోపుడుబండివాడు.

ఊరికే తిట్టడానికి అన్న మాట అది. స్కూటర్ మళ్లీ కదిలింది.

బడి గేటు దగ్గర నా మనవరాలు పరుగెత్తుకుంటూ వచ్చింది. "అమ్మమ్మా, నువ్వొచ్చావేంటి? నువ్వు కూచుంటే మా ఆట ఎలా?"

"ఏం ఆటే?"

"నేను ముందు నిలబడి చెప్తానుగా. ఎడమ ఆటో, కుడి కుక్క, ఎడమ మనిషి... ముందే చెప్తే నాకు పాయింటు. మర్చిపోతే నాన్నకి పాయింటు. మొన్న నాన్నకి రెండొచ్చాయి."

నేను దాన్ని దగ్గరికి లాక్కున్నాను. ఆ రెండు పాయింట్లు ఏమిటో, ఏ బండి ఎంత దగ్గరగా వెళ్లిందో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. అతని మొహం చూశాను. నేల చూస్తున్నాడు.

"తాళం ఇటియ్యి" అన్నాను.

ఇచ్చాడు.

స్కూటర్‌ని బడి వాచ్‌మన్‌కి అప్పగించి నడిచి ఇంటికొచ్చాం. పిల్ల నడుమన, మేమిద్దరం అటూ ఇటూ. నా నోరు ఊరుకుంటుందా? పిల్ల వినకుండా గొంతు తగ్గించి, అతనికి మాత్రం తగిలేలా అడిగాను. "ఎన్నాళ్ల నుంచి?"

"తెలియదత్తయ్యా. తెలిసేసరికే చాలా పోయింది."

"నోరు లేదా నీకు?"

"మా నాన్నకీ ఇంతే. తెలిసిన రోజు నుంచి కుర్చీలో కూర్చోబెట్టేశారు. మంచినీళ్లు కూడా చేతికిచ్చేవారు. ఆయన చూపు పూర్తిగా పోకముందే ఇంట్లో లేనట్టయిపోయారు." పిల్ల బడిసంచీ తన భుజానికి మార్చుకున్నాడు. "డాక్టరు దగ్గరికి పోనంతవరకూ నాకది లేనట్టే అనుకున్నాను."

"నిన్ను కుర్చీలో కూర్చోబెట్టడం సంగతి తర్వాత. నా పిల్లని చక్రాల ముందు నిలబెట్టావు చూడు, దానికేమంటావు?"

నా దగ్గర జాలి లేదు, ఆ పూటకి.

ఇంట్లో మా అమ్మాయి విని తిట్టలేదు, ఏడవలేదు. "రోజూ ఊరివాళ్ల జబ్బులన్నీ పట్టుకుంటాను" అని మాత్రం అంది. ఆ తర్వాత చాలారోజులు అతనితో అవసరానికి మించి మాట్లాడలేదు. కంచం పెట్టేది, పక్కన కూర్చునేది, మాట్లాడేది కాదు. తిట్టి ఉంటే బాగుండేదని అతను నాతో అన్నాడు. మా వంశంలో అలాంటి తిట్టు కూడా ఉందని చెప్పాను.

కళ్ల డాక్టరమ్మ దగ్గరికి ముగ్గురం వెళ్లాం. గిన్నెలాంటి మెషీనులో గడ్డం పెట్టి కూర్చోబెట్టి చేతికో మీట ఇచ్చారు. లోపల ఎక్కడ చుక్క వెలిగినా నొక్కాలట. మెషీను టిక్కుటిక్కుమంటోంది. చుక్కలు వెలుగుతూనే ఉన్నాయని పక్కనున్న పిల్ల మాతో మెల్లగా చెప్పింది. అతని వేలు కదలలేదు. శ్రద్ధగా, బుద్ధిమంతుడిలా ఎదురుచూస్తున్నాడు. చాలాసేపటికి ఒకసారి నొక్కాడు. నేను బయటికొచ్చి నిలబడ్డాను.

కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరం నలిగిపోతోందని చెప్పింది డాక్టరమ్మ. "పోయింది తిరిగి రాదు. మిగిలింది నిలబెట్టడానికి చుక్కలమందు వెయ్యాలి, మానకూడదు."

"సూదిలో దారం ఎక్కిస్తాడమ్మా! ఒక్కసారికే!" అన్నాను. ఆవిడతో పోట్లాడితే జబ్బు వెనక్కి తగ్గుతుందన్నట్టు.

"ఎక్కిస్తారు. దీనిలో నడిమి చూపు ఆఖరున పోతుంది. అందుకే ఇంట్లోవాళ్లు కనిపెట్టలేరు." అతని వైపు తిరిగి అడిగింది. "కంప్యూటర్ ఎలా చూస్తున్నారు?"

తెరని కుదించుకున్న సంగతి చెప్పాడు. ఆవిడ తలూపింది. "ఉన్న కిటికీలో పట్టేంత చేసుకున్నారన్నమాట."

అతను చుక్కలు వేసుకుంటున్నాడు. మధ్యాహ్నం వంతు నేను వేస్తాను. వేశాక కాసేపు కళ్లు మూసుకోవాలి. అప్పుడు నేను వెళ్లి నా పొట్టి కమాండ్‌కి పక్కన సున్నా కొడతాను. తెర ఆరిపోతుంది. ఈసారి తెలిసే ఆర్పుతున్నాను. ఆఫీసుకి సంగతి తనే చెప్పాడు. ప్రస్తుతానికి ఉండమన్నారు. ప్రస్తుతం ఎంతవరకో ఎవరూ చెప్పలేదు. వాచ్‌మన్ తెచ్చిచ్చిన స్కూటర్ కింద మెట్ల దగ్గర ఉంది. దర్జీ ఆవిడ దాని మీద తడిబట్టలు ఆరేస్తోంది. చూసి కూడా ఏమీ అనడం లేదు నేను. నేను ఊరుకున్నానంటేనే అర్థం చేసుకోండి.

అతను బల్ల దగ్గర నుంచి లేచినప్పుడల్లా నేనొక పని చేస్తున్నాను. తెర మీద వెలిగే ముక్కకి నా కళ్లజోడు పెట్టె ఆనించి చూస్తున్నాను. పెట్టె పొడవుకి సరిగ్గా సరిపోతుంది. సరిపోయిందంటే చూపు నిలబడినట్టేనని నా లెక్క. ప్రతిసారీ సరిపోయేది. మొదట్లో సంతోషించాను. తర్వాత మరీ అంత కచ్చితంగా సరిపోతుంటే అనుమానమొచ్చింది.

నిన్న దారం ఎక్కిస్తుంటే అడిగేశాను. "నిజం చెప్పు. నేను కొలుస్తున్నానని ఆ బొమ్మని అలాగే ఉంచుతున్నావా?"

భుజాలు కదిలాయి. "పెట్టె తీసుకుని నా ఎదురుగానే వస్తారత్తయ్యా. ఎదురుగా వచ్చేది నాకు బాగానే కనబడుతుంది."

"నవ్వుతాలు తర్వాత. తల తిప్పకుండా కూర్చో. సూది కనబడగానే చెప్పు, ఆనాడు మచ్చ దగ్గర కనబడింది నీకు."

చెవి దగ్గర నుంచి సూదిని బల్ల అంచు వెంబడే తెచ్చాను. ఇస్త్రీమచ్చ మీదికి వచ్చింది. అతను మాట్లాడలేదు. ఆగాను. మాట్లాడలేదు. మచ్చ అంచు దాటింది.

"ఇటివ్వండి" అన్నాడు.

సూది అతని చేతిలో పెట్టాను.

"మచ్చ దగ్గరేనా?" అడిగాడు.

అవునంటే ఎవరికీ తెలియదు. ఆ పూట ఇంట్లో అందరూ హాయిగా భోజనం చేస్తారు. కానీ అలా హాయిగా ఉన్నన్నాళ్లే నా మనవరాలు రోడ్డు మీద పాయింట్లు లెక్కపెట్టుకుంది.

"దాటింది. గోరంత."

అతను దారం ఎక్కించాడు, మొదటిసారికే. దిండుకి గుచ్చాడు. తర్వాత నల్లకిటికీ తెరిచి, నేను చూస్తుండగానే ఆ అంకె మార్చి ఎంటర్ కొట్టాడు. వెలుగు ముక్క నాలుగువైపుల నుంచీ కాస్త లోపలికి ముడుచుకుంది. నా పెట్టె ఆనిస్తే ఇప్పుడు పెట్టే పెద్దది.

"ఈ రాత్రికి మీ అమ్మాయికి చెబుతాను" అన్నాడు.

"నువ్వే చెప్పు. నేను పక్కన కూర్చుంటాను. డాక్టరమ్మ దగ్గరికి పొద్దున్నే పోదాం."

బడి వదిలే వేళయింది. మేకుకి తాళంచెవి లేదు, అయినా అతని చెయ్యి ఒకసారి అటు వెళ్లి వచ్చింది. చెప్పులేసుకుని మెట్లు దిగాం. కింద వీధిగుమ్మం దగ్గర తలుపు సగమే తెరిచి ఉంది. నేను ముందు వెళ్లి దాన్ని గోడ వరకూ తీశాను.